ఆదివారం ఆటకు రెండెకరాలు కావాలి

పరవాడ: ఆదివారం తెల్లవారిందంటే పరవాడ చుట్టుపక్కల పల్లెల్లో కుర్రకారు ఇంటిపట్టున ఉండరు. వారమంతా పరిశ్రమల్లో పనిచేసినవారు, కాలేజీలకు వెళ్లేవారు, పొలం పనులు చూసుకునేవారు అందరూ ఒకచోట చేరతారు. ఒక బ్యాటు, రెండు టెన్నిసు బంతులు, ఆరు సరుగుడు కర్రలు ఉంటే చాలు. పక్క ఊరి జట్టు మోటారు సైకిళ్లపై వచ్చి దిగేసరికి చూసేవారు చెరువు గట్టు మీద చోటు చేసుకుంటారు.

ఈ ఆటకు కప్పు ఉన్నా లేకున్నా ఊరి పరువు మాత్రం ఉంటుంది. అయితే ఇప్పుడు గెలుపోటముల కన్నా పెద్ద ప్రశ్న ఒకటి ఈ జట్లను వేధిస్తున్నది. వచ్చే ఏడాది ఎక్కడ ఆడాలి?

పంటలను బట్టి మైదానం

పల్లె జట్లలో చాలావాటికి సొంత మైదానమంటూ ఉండదు. కాలాన్ని బట్టి అది మారుతుంటుంది. వరి కోతలు, నూర్పులు అయ్యాక కళ్లాలు ఖాళీ అవుతాయి. సంక్రాంతి పోటీలు అక్కడే. అపరాలు చల్లిన చేలో మాత్రం అడుగు పెట్టరాదు. అవి కూడా తీశాక రైతు సరేనంటే పొలమే మైదానం. వేసవిలో చెరువు ఎండితే కుర్రాళ్లకు పండగే. వానలు పడి చెరువులోకి నీరు చేరితే మిగిలేది బడి ఆవరణ. అక్కడ కిటికీల భయం, మేష్టారి అనుమతి రెండూ చూసుకోవాలి.

పిచ్ తయారు చేయడం ముందురోజు సాయంత్రం పని. నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి, చదును చేస్తారు. ఎంత చేసినా చెరువు మట్టి నెర్రెలు విచ్చే ఉంటుంది. నెర్రె అంచున పడిన బంతి ఎటు తిరుగుతుందో వేసినవాడికీ తెలియదు. తీరాన ఉన్న ముత్యాలమ్మపాలెం, తిక్కవానిపాలెం వంటి మత్స్యకార గ్రామాల్లోనైతే ఇసుకే నేల. తడి ఇసుక గట్టిగా ఉన్నంతసేపే ఆట సాగుతుంది. పోటు వస్తే కర్రలు పీక్కుని వెనక్కి జరగవలసిందే.

ఏ ఊరి నిబంధన ఆ ఊరిదే

నాణెం దొరకకపోతే పెంకు ముక్కకు ఒకవైపు తడి చేసి ఎగరవేస్తారు. ఎల్బీడబ్ల్యూ ఉండదు. బంతి తుప్పల్లో పడితే కొట్టినవాడే వెతికి తేవాలి. గుంటలో ఉన్న నీళ్లలో పడితే కొన్నిచోట్ల అవుట్. బ్యాటింగు చేసే జట్టు వాడే అంపైరు కనుక తగాదా తప్పదు. గట్టు మీది పెద్దలు కలుగజేసుకుని, ‘బంతి మళ్లీ వెయ్యండిరా’ అంటే అదే తీర్పు.

పారిశ్రామిక ప్రాంతం కావడంతో ఇక్కడి కెప్టెన్‌కు మరో లెక్క కూడా తెలిసి ఉండాలి. మధ్యాహ్నం 2 గంటల షిఫ్టుకు వెళ్లవలసిన వారికి ముందు బ్యాటింగ్ ఇవ్వాలి. రాత్రి డ్యూటీ దిగి నిద్రలేకుండా వచ్చినవాణ్ణి హద్దు దగ్గర కాక దగ్గరలో నిలబెట్టాలి. ఓవర్లు అయ్యేలోపు ఇద్దరు డ్యూటీకి వెళ్లిపోతే గట్టు మీద కూర్చున్న బడిపిల్లలు ఫీల్డింగుకు దిగుతారు. ఆ పిల్లలకు అదే తొలి అవకాశం.

జీతం వచ్చింది, నేల తగ్గింది

ఈ ప్రాంతం రూపురేఖలు మారడం ఉక్కు కర్మాగారంతో మొదలైంది. 1966లో ఉద్యమం నడిచింది. 1971లో నాటి ప్రధాని ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ఎన్నో గ్రామాల భూములు కర్మాగారానికి పోయాయి. తర్వాత పరవాడలో సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం వచ్చింది. 2002లో మొదలైన ఆ కేంద్రం సామర్థ్యం నేడు 2,000 మెగావాట్లు. ఆపై రెండు వేల ఎకరాలకు పైబడి ఫార్మాసిటీ వెలసింది.

వీటివల్ల మేలు లేదనలేము. ఎందరో యువకులకు ఉపాధి దొరికింది. జట్టుకు మంచి బ్యాటు కొనిపెట్టినది కూడా ఆ జీతమే. కానీ పరిశ్రమల వెంట ఇళ్ల లేఅవుట్లు వచ్చాయి. నిన్న సిక్సర్ పడిన చోట నేడు హద్దురాయి కనిపిస్తుంది. ఫార్మాసిటీ అంచున ఉన్న తాడి వాసులైతే కాలుష్యం భరించలేక ఊరినే తరలించాలని ఏళ్ల తరబడి కోరారు. ఊరు కదిలే పరిస్థితి వస్తే ఇళ్ల లెక్క రాస్తారు, చెట్ల లెక్క రాస్తారు. పిల్లలు ఆడుకున్న చోటు ఏ లెక్కలోనూ ఉండదు.

మనవాళ్లే ఎదిగారు

ఆట కాలక్షేపమే కదా అని తీసిపారేయడానికి లేదు. పొరుగున ఉన్న గాజువాక నుంచి వేణుగోపాలరావు 2005లో భారత జట్టులోకి వచ్చి 16 వన్డేలు ఆడారు. అదే గాజువాకకు చెందిన నితీశ్‌కుమార్ రెడ్డి 2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్ టెస్టులో సెంచరీ కొట్టారు. కొడుకు ఆట కోసం తండ్రి ముత్యాలరెడ్డి ఉద్యోగాన్నే వదులుకున్నారు. కడప జిల్లా పల్లెలో పుట్టిన శ్రీచరణి 2025లో ప్రపంచ కప్ గెలిచిన భారత మహిళల జట్టులో ఉన్నారు.

చెరువులో ఆడే జట్లలో ఆడపిల్లలు కనిపించడం అరుదు. ఊరికి దూరంగా, తుప్పల నడుమ ఆడే ఆటకు ఏ తల్లీ కూతుర్ని పంపదు. బడి పక్కనే ఒక మైదానం ఉంటే ఆ భయం ఉండదు.

2023 డిసెంబరులో మొదలై 2024 ఫిబ్రవరిలో విశాఖలో ముగిసిన ‘ఆడుదాం ఆంధ్ర’ పోటీల్లో గ్రామ సచివాలయ స్థాయి నుంచి క్రికెట్ ఆడించారు. పోటీలు ముగిశాక కూడా ఆడుకోవడానికి ఊళ్లో చోటు ఉండాలి కదా!

చేయవలసిన పని

టెన్నిసు బంతి ఆటకు పిచ్ నడుమ నుంచి 50 మీటర్ల దూరంలో చుట్టూ గిరి గీస్తే పట్టే నేల సుమారు రెండెకరాలు. చెరువును పూడ్చి మైదానం చేయమని ఎవరూ అడగరాదు. చెరువు చెరువుగానే ఉండాలి. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించి వాటిని ఊరి అవసరాలకే ఉంచాలని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి భూమి ఎక్కడ మిగిలి ఉన్నదో రెవెన్యూ రికార్డుల్లో చూసి, గ్రామసభలో తీర్మానం చేయించుకోవడం మొదటి మెట్టు.

డబ్బుకు కూడా దారి ఉంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు చేయాలి. ఆ జాబితాలో గ్రామీణ క్రీడల శిక్షణ కూడా ఉంది. పంచాయతీ పెద్దలు, యువజన సంఘాలవారు కలిసి అడిగితే కాదనడానికి కారణం కనిపించదు.

పరిశ్రమల కోసం ఈ పల్లెలు వేల ఎకరాలు ఇచ్చాయి. పిల్లల ఆట కోసం ఊరికి రెండెకరాలు అడగడం అత్యాశ కాదు. అధికారులు, ప్రజాప్రతినిధులు ఉన్న ఖాళీ నేల కూడా చేజారకముందే శ్రద్ధ వహించాలి.