కనికరమునకు వెల గలదా?

కర్ణాటక రాష్ట్రమున తుమకూరు జిల్లాకు చేరిన పావగడ తాలూకాను పటమున చూచువారికి ఒక వింత గోచరించును. అది ఇంచుమించుగా అన్ని దిక్కులను ఆంధ్ర ప్రాంతముచే చుట్టుకొనబడి యున్నది. మడకశిర, పెనుకొండ, కల్యాణదుర్గము దానికి ఇరుగుపొరుగులు. కచేరీ కాగితములందు కన్నడము, పెక్కు ఇండ్లలో తెలుగు. వానకు మాత్రము ఆ రెండు భాషలలో దేనిమీదను అభిమానమున్నట్లు కానరాదు. నేల లోతున దొరకు నీటిలో ఫ్లోరైడు మితిమీరి యుండుటచే పండ్లు గారపట్టుట, ఎముకలు బిగిసికొనిపోవుట అచ్చటివారు చిరకాలముగా నెఱిగిన బాధలు.

ఇట్టి సీమను ముందుంచుకొని దేవుని దయను గూర్చి వ్రాయబూనుట కొందఱికి విడ్డూరముగా తోపవచ్చును. కాని దయ యను మాటకు అర్థము కడుపు నిండిన చోట కంటె కడుపు మాడిన చోటనే తేటగా తెలియును. తమ దేవుడు కనికరము గలవాడని క్రైస్తవులు చెప్పుదురు. ఆ మాటకు అర్థమేమి? దానిని నమ్మినవారిమీద అది మోపు భారమేమి? ఈ రెండు ప్రశ్నలను రాజధానిలోని మా చదువరుల యెదుట నుంచగోరుచున్నాము.

మొదట మాటను చూతము. యూదుల పూర్వగ్రంథములందు దేవుని కరుణను తెలుపు హెబ్రీ పదము 'రహమీం'. తల్లి గర్భమునకు ఆ భాషలో పేరైన 'రెహెం' అను మాటకు ఇది చుట్టము. మహమ్మదీయులు దేవుని రహ్మాన్ అనియు రహీం అనియు పిలుచుటయు ఈ ధాతువు నుండియే. ఇక సువార్తలు వ్రాయబడిన గ్రీకు భాషలో యేసు జాలిపడెనని చెప్పవలసిన చోట వాడిన క్రియకు ప్రేగులు కదలుట యని మూలార్థము. దీనిని తెలుగువారికి విప్పిచెప్పుటకు నిఘంటువు అక్కఱలేదు. మన పల్లెలలో ముసలమ్మలు పరుల బిడ్డ అవస్థను చూచి కడుపు తరుగుకొనిపోవుచున్నదని అందురు. బిడ్డపై తల్లికి గల మమకారమును మనము కడుపుతీపి యందుము. బైబిలు తెలుగున కనికరమని చెప్పునది ఇదియే. పైనుండి క్రిందికి చూచు దాత ఔదార్యము వేఱు. ఎదుటివాని నొప్పి తన కడుపున పుట్టుట వేఱు. క్రైస్తవులు తమ దేవునికి ఈ రెండవదానిని ఆరోపింతురు.

మార్కు సువార్త మొదటి అధ్యాయమున ఒక కుష్ఠురోగి కథ గలదు. నాటి ధర్మశాస్త్రము ప్రకారము అట్టివాడు ఊరి వెలుపల నుండవలెను. వానిని తాకినవాడును అపవిత్రుడగును. యేసు వానిని చూచి జాలిగొని, చేయి చాచి, తాకి, పిమ్మట బాగుచేసెను. ఈ వరుసను గమనింపుడు. వాడు శుద్ధుడైన తరువాత తాకుట కాదు. అశుద్ధుడై యుండగనే తాకుట. యోగ్యత ముందు, దయ తరువాత అను లోకన్యాయము ఇచ్చట తలక్రిందులైనది. మనుష్యుడు మంచివాడైనందున దేవుడు ప్రేమించుట కాదు, దేవుడు ప్రేమించినందుననే మనుష్యుడు మంచివాడగుటకు దారి దొరకుననుట ఆ మతమున మూలసూత్రము. కృప యని వారు పిలుచునది ఇదియే.

ఈ సూత్రము వినుటకు ఇంపైనను ఒప్పుకొనుటకు కష్టము. మత్తయి సువార్తలోని ద్రాక్షతోట కూలీల ఉపమానము ఆ కష్టమును దాచలేదు. యజమానుడు తెల్లవాఱుజామున కొందఱిని, తొమ్మిదింటికి, మధ్యాహ్నమునకు, మూడింటికి మఱికొందఱిని పనికి పిలిచెను. సాయంకాలము ఐదు గంటలకు గూడ అంగడి వీథిలో నిలిచియున్నవారు కనబడిరి. మీరేల ఊరక నిలిచితిరని అడుగగా, మమ్ము ఎవరును పిలువలేదని వారు బదులు చెప్పిరి. ప్రొద్దు గ్రుంకిన తరువాత అందఱికిని ఒకటే దినకూలి దక్కెను. ఎండకు మాడినవారు సణిగిరి. ఆ సణుగుడు న్యాయముగనే తోచును. గంటకింతయని లెక్కగట్టుటకు అలవాటుపడిన ఉద్యోగులమైన మనకు మఱింత న్యాయముగా తోచును.

కాని కఱవు సీమలో కూలి కొఱకు నిలిచినవానికి ఈ కథ వేఱుగా వినబడును. ఐదింటిదాక నిలిచినవాడు సోమరి కాడు; పని దొరకనివాడు. వాని యింటను ఆ రాత్రి పొయ్యి మీదికి గింజలు కావలెను. ఒక దినకూలి యనగా ఒక కుటుంబము ఒక దినము బ్రతుకుటకు చాలినంత. యజమానుడు గంటలను కొలువలేదు, ఆకలిని కొలిచెను. పొద్దున వచ్చినవారికి ఒప్పుకొన్నది తగ్గింపలేదు గనుక న్యాయమునకు లోపము రాలేదు. న్యాయము ఆగిన చోట నుండి కనికరము ముందుకు నడిచినది.

ఇక నమ్మినవారి భారము. ఉచితముగా దొరకిన దానిని వెలకు అమ్మరాదనుట స్పష్టము. అయినను క్రైస్తవ సంఘములు మన దేశమున ఎదుర్కొన్న ముఖ్యమైన నింద ఈ విషయమునందే. గంజి పోసి మతమును కొనుచున్నారని అనిపించుకొన్నారు. ఈ నింద అన్ని వేళల నిరాధారమని మేము చెప్పజాలము. అన్ని వేళల సత్యమనియు చెప్పజాలము. దానికి 1876-78 నాటి మహాక్షామమే సాక్ష్యము.

ఆ కఱవు దక్షిణదేశమును ఊపివైచెను. పావగడ చేరియుండిన మైసూరు సంస్థానమున 1871 లెక్కలలో 50 లక్షలకు పైబడిన జనసంఖ్య 1881 నాటికి 42 లక్షలకు లోబడెను. ఆ కాలముననే ఒంగోలులో అమెరికా బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాము కాలువ త్రవ్వకమున కొంత భాగమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి ధర్మము చేయుటకు మాఱుగా పని యిచ్చి కూలి ఇప్పించెను. తమకు బాప్తిస్మమిమ్మని వచ్చినవారి సంఖ్య వేలకు పెరిగెను. కఱవు సాయము నడచుచున్నంతకాలము ఆయన ఎవరికిని ఈయనొల్లలేదు. సాయము ముగిసిన పిదప, 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెలుంపల్లి వద్ద ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మము జరిగెను. ఆ పెద్ద సంఖ్యను చరిత్రకారులు తఱచు ఉదాహరింతురు. మాకు అంతకంటె గొప్పగా తోచునది దానికి ముందు తలుపు మూసియుంచిన కాలము. అన్నమునకును మతమునకును నడుమ ఆయన ఒక గోడ కట్టెను. ఆకలి తీఱినను కృతజ్ఞత మనుష్యుని లాగకపోదని విమర్శకులు అనవచ్చును. ఆ మాటలో నిజమున్నది. అయినను ఆ గోడ కట్టుటకు తలచినవాడు కనికరమునకు వెల యుండరాదని ఎఱిగినవాడే.

పావగడకు మఱింత దాపున మఱియొక యుదాహరణము గలదు. బార్సెలోనాలో 1920లో జన్మించిన విన్సెంట్ ఫెర్రర్ జెసూట్ సన్న్యాసియై 1952లో ఈ దేశమునకు వచ్చెను. మహారాష్ట్రమున రైతులకు బావులు త్రవ్వించు పనిలో నుండగా వివాదములు రేగి 1968లో దేశము విడువవలసి వచ్చెను. మరల అనుమతి దొరకి 1969లో అనంతపురము చేరెను. ఆ పిదప సన్న్యాసమును వీడి, వివాహమాడి, భార్య అన్నెతో గూడి గ్రామీణాభివృద్ధి సంస్థను నడపెను. బడులు, ఇండ్లు, బత్తలపల్లి, కల్యాణదుర్గము మొదలగు చోట్ల ఆసుపత్రులు వెలసినవి. మతమేదని అడుగకయే ఆ పని సాగినది. 2009 జూన్ 19న ఆయన అనంతపురముననే కన్నుమూసెను. గురువస్త్రమును విడిచినవాడు కనికరమును విడువలేదని ఆ సీమవారు ఎఱుగుదురు.

కనికరము ఒక మతమువారి సొత్తు గాదనుటకు పావగడ పట్టణమే సాక్షి. అచ్చట స్వామి జపానంద ఆధ్వర్యమున వివేకానందుని పేర వెలసిన గ్రామీణారోగ్య కేంద్రము కుష్ఠు, క్షయ రోగులను అక్కున జేర్చుకొనినది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసినప్పటి నుండి కుష్ఠు కుదురు వ్యాధి. కాని మందు దొరకినంత సులభముగా తాకు చేయి దొరకదు. రోగిని వెలివేయక చేయి చాచిన కాషాయధారియు, గలిలయలో చేయి చాచిన యేసును ఈ విషయమున ఒకే దారి నడచినవారని అనుటకు మాకు సంకోచము లేదు. తన ఉపమానములలో జాలిగలవానిగా పరమతస్థుడైన సమరయుని నిలిపినది యేసే గదా.

ఎండయు వానయు యోగ్యులకు వేఱు, అయోగ్యులకు వేఱు గావని ఆయన బోధించెను. పావగడకు వాన కొఱత, ఎండ మిగులు. ఆ ఎండయే నేడు సొమ్మగుచున్నది. తిరుమణి పరిసరములందు సుమారు 13,000 ఎకరములలో, 2018లో మొదలై 2019 చివరకు 2,050 మెగావాట్లకు పెరిగిన సౌరవిద్యుత్ క్షేత్రము వెలసినది. రైతులకు ఎకరమునకు ఏటికి 21,000 రూపాయల కౌలు నిర్ణయించిరి. భూమి కలవానికి ఇది మేలే. కాని ఆ భూమిలో కలుపు తీసి, కోత కోసి బ్రతికిన కూలికి పట్టా లేదు, కనుక కౌలును లేదు. పలకల క్రింద కలుపు పని ఎంత యుండును? సాయంకాలము ఐదింటికి అంగడిలో నిలిచి, మమ్ము ఎవరును పిలువలేదని చెప్పినవాడు వీడే. ఒప్పందము ప్రకారము వీనికి ఎవరును బాకీ లేరు. న్యాయము ఇంతటితో ఆగును.

రాజధానిలో పథకములు వ్రాయువారును, లెక్కలు తనిఖీ చేయువారును, తీర్పులు చెప్పువారును మన తెలుగువారిలో పెక్కుమంది గలరు. వారిలో క్రైస్తవులు కొందఱే. దేవుని కనికరమును నమ్ముట నమ్మకపోవుట వారి వారి విశ్వాసము. కాని యోగ్యతాపత్రము అడుగక ముందే చేయి చాచుట, సాయమునకు మాఱుగా మతమును గాని ఓటును గాని కృతజ్ఞతను గాని కోరకుండుట, పట్టాలేనివానిని గూడ లెక్కలోనికి తెచ్చుట అను మూడును ఏ మతమునకును విరుద్ధములు కావు. పథకము వ్రాయునప్పుడు కూలికి ఒక వరుస చేర్చుటకు బైబిలు చదివియుండ నక్కఱలేదు. ఒకింత కడుపు తరుగుకొనిపోయినచో చాలును.