ముందు రక్షణ – తరువాత మరమ్మతు

లినక్స్‌తో నడిచే ఇంటి కంప్యూటరు ఒకనాడు హఠాత్తుగా ప్రారంభం కాకపోతే, అందులోని ఫోటోలు, పాఠాలు అన్నీ పోయాయని చాలామంది భయపడతారు. నిజానికి చాలా సందర్భాలలో చెడిపోయేది ఆపరేటింగ్ సిస్టమే. ఫైళ్ళు హార్డ్‌డిస్కులో భద్రంగానే ఉంటాయి. తొందరపడి డిస్కును చెరిపి, లినక్స్‌ను మళ్ళీ ఎక్కిస్తేనే అవి నశిస్తాయి.

1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్‌ను నేడు ఎవరైనా ఉచితంగా నకలు చేసుకోవచ్చు. కాబట్టి ఉబుంటు వంటి లినక్స్‌ను మరొక కంప్యూటరు సాయంతో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, మొరాయించిన యంత్రాన్ని దానితోనే నడపవచ్చు. అప్పుడు హార్డ్‌డిస్కును తెరచి, కావలసిన ఫైళ్ళను వేరొక డిస్కులోకి చేర్చుకోవాలి. ఆ తరువాతనే మరమ్మతుకు పూనుకోవాలి.

హార్డ్‌డిస్కే పాడైతే ఈ ఉపాయం ఫలించకపోవచ్చు. అందుకే ముఖ్యమైన ఫైళ్ళకు ముందుగానే మరొక ప్రతిని దాచుకోవడం వివేకవంతుల లక్షణం.