కోర్లు పెరిగినా క్యూ ఎందుకు తగ్గదు?

మనలో ఎవరు కొత్త ల్యాప్‌టాప్ కొన్నా మొదట అడిగేది "ఎన్ని కోర్లు?" అనే. 8 అంటే గొప్ప, 16 అంటే ఇంకా గొప్ప. మరి 48 కోర్లున్న మెషీన్ 48 రెట్లు వేగంగా పనిచేస్తుందా? చాలాసార్లు చెయ్యదు. అందులో ఆపరేటింగ్ సిస్టమ్ వాటా ఎంతో తెలిశాక ఓఎస్ సబ్జెక్టు మీద నాకు కొత్తగా ఇష్టం పుట్టింది. అందుకే ఇది రాస్తున్నాను.

హాస్టల్ మెస్ ఊహించుకోండి. వడ్డించే కౌంటర్లు పది, సంతకం పెట్టే రిజిస్టర్ మాత్రం ఒక్కటే. క్యూ రిజిస్టర్ దగ్గరే పెరుగుతుంది. ఇంకో పది కౌంటర్లు పెట్టినా అంతే. 1967లో జీన్ ఆమ్‌డాల్ చేసిన వాదన సారం ఇదే. పనిలో 5 శాతం ఒకరి తర్వాత ఒకరు చేయక తప్పదంటే, 48 కోర్లతో వేగం దాదాపు 14 రెట్ల దగ్గర ఆగిపోతుంది. లక్ష కోర్లిచ్చినా 20 రెట్లు దాటదు.

లైనక్స్‌లో ఇలాంటి రిజిస్టర్ పేరు 'బిగ్ కెర్నల్ లాక్'. 1996లో 2.0 వెర్షన్ ఒకటికి మించి ప్రాసెసర్లను వాడటం మొదలుపెట్టినప్పుడు కెర్నల్ మొత్తానికీ ఒకటే తాళం. ఒక ప్రాసెసర్ లోపలుంటే మిగతావి గుమ్మం బయటే. దాన్ని చిన్న చిన్న లాకులుగా విడగొడుతూ, పూర్తిగా తీసేసేసరికి 2011 వచ్చింది.

చిన్న లాకులు పెడితే కథ అయిపోయిందా? లేదు. ఒక ఫైల్‌ని ఎందరు వాడుతున్నారో కెర్నల్ ఒక అంకెలో లెక్కపెట్టుకుంటుంది. ఆ అంకెకి ఒకటి కలపడం చిటికెలో పనే. కానీ అది మెమరీలో సాధారణంగా 64 బైట్ల క్యాష్ లైన్‌లో ఉంటుంది. దాన్ని మార్చే కోర్, మిగతా కోర్ల దగ్గరున్న కాపీలను చెల్లకుండా చేసి లైన్‌ని తన క్యాష్‌లోకి లాక్కోవాలి. 48 కోర్లూ లాక్కుంటుంటే, కలపడం కంటే లాక్కోవడానికే సమయం పోతుంది.

2010లో ఎం.ఐ.టి. పరిశోధకులు 48 కోర్ల మెషీన్ మీద 7 ప్రోగ్రాములు నడిపి చూస్తే, 6 ప్రోగ్రాములకి కెర్నల్‌లోనే అడ్డంకులు కనబడ్డాయి. వాళ్లు కెర్నల్‌లో చేసిన మార్పులు మొత్తం 3002 లైన్లు. వాటిలో ఒకటి 'స్లాపీ కౌంటర్'. ప్రతి మెస్ కౌంటర్‌కీ ఒక టోకెన్ల కట్ట ఇచ్చినట్టన్నమాట. కట్ట అయిపోయినప్పుడో, మరీ ఎక్కువ మిగిలినప్పుడో మాత్రమే ఆఫీసుకి వెళ్లాలి. దీనికీ ఓ ఖరీదుంది: అసలు లెక్క ఖచ్చితంగా కావాలంటే అందరి కట్టలూ తిరిగి చూడాలి.

అసలు రూలే అడ్డమైతే? పాజిక్స్ ప్రకారం ఫైల్ ఓపెన్ చేస్తే, ఖాళీగా ఉన్న వాటిలో అతి చిన్న నంబరే ఇవ్వాలి. ఖాళీ గదుల్లో అతి చిన్న నంబరు గదే ఇవ్వాలని వార్డెన్ పట్టుబడితే, ఇద్దరు క్లర్కులు ప్రతిసారీ ఒకరినొకరు అడగాల్సిందే. ఏ ఖాళీ గదైనా పర్లేదంటే, చెరో బ్లాక్ తీసుకుని హాయిగా పనిచేసుకుంటారు. ఆస్టిన్ క్లెమెంట్స్ బృందం 2013లో దీన్నే సూత్రంగా చెప్పింది: రెండు పనులు ఏ వరసలో జరిగినా బయటికి తేడా తెలియకపోతే, అవి ఒకదానికొకటి అడ్డురాకుండా అమలు చేసే దారి ఉంటుంది. అంటే స్కేలబిలిటీ గురించి కోడ్ రాసేటప్పుడు కాదు, రూల్ రాసేటప్పుడే ఆలోచించాలి.

లాక్ పెడితే జవాబు తప్పు రాదని మనం క్లాసులో నేర్చుకుంటున్నాం. దానికి ఇంకో ప్రశ్న జోడిద్దాం: "దీన్ని ఇంకెవరు ముట్టుకుంటున్నారు?" ఈసారి ల్యాబ్‌లో నాలుగు థ్రెడ్లతో ఒకే గ్లోబల్ కౌంటర్ పెంచి టైమ్ చూడండి. తర్వాత ఎవరి కౌంటర్ వాళ్లకిచ్చి, చివర్లో కూడండి. ఒక్క జాగ్రత్త: ఆ నాలుగింటినీ ఒకే అర్రేలో పక్కపక్కనే పెడితే అవి అదే 64 బైట్లలో పడొచ్చు. అప్పుడు పేరుకే వేరు, లాక్కోవడం మామూలే!