గని మూతపడింది.. రిజిస్టరు తెరిచే ఉంది

చర్చి గుమాస్తా చేతిలో నాలుగు తరాల లెక్క

చాంపియన్ రీఫ్స్: ఇక్కడ పుట్టిన మనిషి బెంగళూరులో ఉండొచ్చు. ఆస్ట్రేలియాలో స్థిరపడి ఉండొచ్చు. కేథలిక్ అయితే మాత్రం పెళ్లి కుదరగానే ఒక కాగితం కోసం పుట్టిన ఊరి చర్చి తలుపు తట్టాల్సిందే. అదే జ్ఞానస్నానం సర్టిఫికెట్. దానిపై సంతకం, ముద్ర ఫాదర్‌వి. పాత పుస్తకాలు తిరగేసి పేరు వెతికేది మాత్రం చాలా చోట్ల ఆఫీసు గుమాస్తానే. అదీ పార్ట్‌టైమే! పూజ అయ్యాక ఓ రెండు మూడు గంటలు. చేతికొచ్చేది గౌరవ వేతనం. బాధ్యత మాత్రం చిన్నది కాదు.

ఊరు చెదిరింది

కోలారు బంగారు గనుల్లోకి 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ అడుగుపెట్టింది. ఉత్తర ఆర్కాటు నుంచి తమిళులు, చిత్తూరు వైపు నుంచి తెలుగువాళ్లు పనికొచ్చారు. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. కుర్రకారు మారికుప్పం రైలెక్కి బెంగళూరు బాట పట్టారు. చాలా ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు అంతకుముందే దేశం దాటాయి. అందరి పేర్లూ చర్చి బీరువాల్లోనే మిగిలాయి.

జనన మరణాల నమోదుకు దేశమంతటికీ ఒకే చట్టం వచ్చింది 1969లో. అంతకుముందు పుట్టిన చాలామందికి మునిసిపల్ కాగితం లేదు. వారి పుట్టిన తేదీకి చర్చి పుస్తకమే దిక్కు.

‘ఒక్క అక్షరమే కదా సార్!’

గుమాస్తాకు అసలు పరీక్ష ఇక్కడే. గని రికార్డులో తండ్రి పేరు మునుస్వామి, చర్చి పుస్తకంలో జోసెఫ్ అని ఉందనుకోండి. పింఛను కోసమో, పాస్‌పోర్టు కోసమో వచ్చినవాళ్లు బతిమాలతారు. ‘కాస్త మార్చి రాసివ్వండి సార్, మీకేం పోతుంది’ అంటారు. ఎదురుగా ఉన్నది తెలిసిన ముఖమే. ఆదివారం పక్క బెంచీలో కూర్చునే మనిషే. అయినా మార్చకూడదు. పుస్తకంలో ఎలా ఉంటే నకలూ అలాగే ఉండాలి. నిజంగా తప్పు పడి ఉంటే రుజువులతో పై కార్యాలయం అనుమతి తెచ్చుకుని అంచులో రాయాలి తప్ప, కొట్టివేతలు కుదరవు. రెండు పేర్లూ ఒకరివే అయితే నోటరీ అఫిడవిట్ ఉండనే ఉంది. ఈరోజు ఒకరికి జాలిపడి మారిస్తే, రేపు ఆ పుస్తకంలోని ఏ పేరునూ ఎవరూ నమ్మరు.

ఏడు అంటే జులై కాదు

చేతిరాత చదవడమూ ఒక విద్యే. పాత కేథలిక్ రిజిస్టర్లలో లాటిన్ మామూలు. ఏడు అంకె పక్కన ‘బ్రిస్’ అని ఉంటే జులై అనుకునేరు. అది సెప్టెంబరు! లాటిన్‌లో సెప్టెమ్ అంటే ఏడు. అలాగే ఎనిమిది ఉంటే అక్టోబరు, తొమ్మిది ఉంటే నవంబరు. ఇది తెలియకపోతే మనిషి వయసు రెండు నెలలు తారుమారవుతుంది.

ఇంట్లో పాత సర్టిఫికెట్ ఉంది కదా, మళ్లీ ఎందుకని చాలామంది విసుక్కుంటారు. కారణం ఉంది. ఎక్కడ పెళ్లయినా ఆ కబురు జ్ఞానస్నానం పొందిన చర్చికి రావాలి. ఆ పేరు పక్కనే అంచులో రాయాలి. చర్చి చట్టం మాట ఇది. అందుకే పెళ్లికి ఆరు నెలల్లోపు తీసిన నకలు అడుగుతారు. ఇదివరకే పెళ్లయిందా లేదా అన్నది అందులో తేలిపోతుంది. ఎన్నో మోసపు పెళ్లిళ్లు ఆ అంచు దగ్గరే ఆగుతాయి.

ఇవి కాక చందా రసీదులు, పూజల పుస్తకం, సమాధుల లెక్క.. అన్నీ ఆ బల్ల మీదికే వస్తాయి. 1983 చర్చి చట్టం ప్రకారం ప్రతి విచారణకూ ఆర్థిక మండలి ఉండాలి. పైసా తేడా వస్తే అక్కడ జవాబు చెప్పుకోవాలి.

బెంగళూరులో పెళ్లి జరుగుతుంది. కొన్నాళ్లకు చాంపియన్ రీఫ్స్‌కు ఓ చీటీ వస్తుంది. గుమాస్తా పాత పుస్తకం తీసి, ఆ పేరు వెతికి, పక్కన చిన్న అక్షరాలతో ఒక వరుస రాస్తాడు. ఊరు వదిలి వెళ్లిన బిడ్డ కబురు పుట్టింటికి చేరినట్టే!