మన మెస్ పళ్ళెం – మన హార్మోన్లు

ఉప్మా నచ్చలేదని ఖాళీ కడుపుతో బడికి పోవడం, ప్రార్థనలో కళ్ళు తిరిగి కూలబడడం మన హాస్టల్లో మామూలే. నెలసరి రాలేదని భయపడి, ఎవరికీ చెప్పుకోలేక దుప్పటి కప్పుకుని ఏడ్చినవాళ్ళమూ మాలో ఉన్నాం. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

గ్రంథులు రక్తంలోకి వదిలే రసాయనాలే హార్మోన్లు. ఎదుగుదల, ఆకలి, నిద్ర, నెలసరి వీటి మీదే ఆధారపడతాయి.

మెడలోని థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ కావాలి. 12 ఏళ్ళు దాటినవారికి రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు. కూరలో వేసే అయోడిన్ ఉప్పుతోనే అది అందుతుంది. పైన ఉప్పు చల్లుకోనక్కర్లేదు. గుడ్డు పచ్చసొనలోనూ కొంత ఉంటుంది, పారేయకండి.

తీపి, మైదా బిస్కెట్లతో రక్తంలో చక్కెర గబగబా పెరిగి, ఇన్సులిన్ ఎక్కువగా ఊరాల్సి వస్తుంది. పప్పు, శనగలు, ఆకుకూరలు నెమ్మదిగా అరుగుతాయి.

సన్నబడాలని పస్తులుంటే, తిండి చాలడం లేదని మెదడు గుర్తించి నెలసరికి కావలసిన సంకేతాలను తగ్గిస్తుంది. పస్తులతో నెలసరి ఆగేది ఇందుకే.

అయితే తిండి ఒక్కటే మందు కాదు. మొదటి ఒకటి రెండేళ్ళు తేదీలు అటూ ఇటూ కావడం మామూలే. మూడు నెలలు రాకపోయినా, మెడ వాచినా సిగ్గుపడక వార్డెన్ మేడమ్‌కు చెప్పి ఆసుపత్రికి వెళ్దాం.

చెల్లెళ్ళారా! రేపు టిఫిన్ గంట కొట్టగానే అందరం కలిసి కూర్చుందాం. చదువు ముగించి వెళ్ళిన అక్కలూ, మీరు కూడా పొద్దున్నే తినడం మానకండి!