నడుములో సూది

మిర్యాలగూడ రైసుమిల్లులో బస్తాలు మోసే హమాలీ గానీండి, కోదాడ నుంచి సూర్యాపేటకు రోజూ బస్సులో తిరిగే గుమాస్తా గానీండి, వంగి ముగ్గు వేసే ఇల్లాలు గానీండి, నడుము పట్టేయని వారుండరు. రెండు రోజులకు పోతే సరే. అలాకాక నొప్పి పిరుదు మీదుగా తొడ వెనుకకు దిగి, పిక్క దాకా కాలు లాగేస్తుంటే అది ఉత్త నడుము నొప్పి కాదు, నరం నొప్పి. ఆయుర్వేదం దీన్ని గృధ్రసి అన్నది. రోగి రాబందులా కుంటుతూ నడుస్తాడని ఆ పేరు పెట్టారట! డాక్టర్లు సయాటికా అంటారు.

వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు ఉబికి నరాన్ని నొక్కుతుందని 1934లో మిక్స్టర్, బార్ అనే అమెరికా వైద్యులు స్పష్టంగా చూపారు. నొక్కుడుకు తోడు నరం వాస్తుంది. ఆ వాపును అణచడానికే స్టిరాయిడు సూది. ఊళ్లో తుంటికి పొడిచే సూది ఇది కాదు. రోగిని బోర్లా పడుకోబెట్టి, చర్మం మొద్దుబారడానికి మందిచ్చి, ఎక్స్‌రే తెరమీద చూస్తూ సూదిని నరం దగ్గరకు పోనిస్తారు. సాధారణంగా ఆ రోజే ఇంటికి పోవచ్చు.

మరి నొప్పి పోతుందా? కొందరికి కొన్ని వారాలు, కొందరికి కొన్ని నెలలు తగ్గుతుంది. కొందరికి అసలు తగ్గదు. ఉబికిన డిస్కును సూది లోపలికి నెట్టదు. చాలామందికి ఈ నొప్పి కొన్ని వారాల్లో తనంతట తానే నెమ్మదిస్తుంది. అందాకా నిద్రపట్టేటట్లు, నడవగలిగేటట్లు చేయడమే సూది పని. ఈ మాట ముందే చెప్పే డాక్టరు మంచి డాక్టరు.

మన వైపు ఇంకో చిక్కుంది. 2016లో నల్లగొండ నుంచి సూర్యాపేట జిల్లా విడిపోయింది గాని, భూమి అడుగు నీళ్లు విడిపోలేదు. ఉమ్మడి జిల్లా పల్లెల్లో ఏళ్ల తరబడి ఫ్లోరైడు నీళ్లు తాగిన పెద్దలకు వెన్ను బిగిసి, లోపలి దారి ఇరుకైపోతుంది. పెరిగిన ఎముకను ఏ సూదీ కరిగించదు. అలాంటివారు ఆ నీళ్ల సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

షుగరున్నవారికి సూది తరువాత కొన్నాళ్లు చక్కెర పెరుగుతుంది. రక్తం పలచబడే మందులు వాడేవారు ఆ సంగతి దాచకూడదు. తమంతట తాము మానేయనూ కూడదు.

పాదం పైకి లేవకపోయినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, మూత్రం పట్టుతప్పినా మాత్రం సూది కోసం చూడవద్దు. ఆ రాత్రికి రాత్రే వెన్ను ఆపరేషను చేసే పెద్దాసుపత్రికి బయలుదేరండి. కోదాడ వారికి హైదరాబాదు కన్నా విజయవాడే దగ్గర.