మోకాళ్ల నొప్పులు, ఆస్పిరిన్ బిళ్ల

ఆదివారం ఆరాధన ముగిశాక "సిస్టరమ్మా, ప్రార్థనకు మోకాళ్లూనలేకపోతున్నాం, ఏదైనా మంచి బిళ్ల చెప్పండి" అని పెద్దలు మమ్మల్ని అడుగుతుంటారు. అడగకుండానే మెడికల్ షాపులో కొనుక్కొని మింగేవారు ఇంకా ఎక్కువ.

ఆస్పిరిన్ పాత మందే. జర్మనీలోని బేయర్ కంపెనీలో 1897లో తయారై 1899లో అమ్మకానికి వచ్చింది. అది ఎలా పనిచేస్తుందో మాత్రం 1971లోగాని తెలియలేదు. నొప్పిని, వాపును కలిగించే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారు కాకుండా ఆపుతుందని జాన్ వేన్ కనుగొన్నారు. ఇందుకు 1982లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది. చిక్కేమిటంటే కడుపు లోపలి పొరను ఆమ్లం నుండి కాపాడేవి కూడా ఆ పదార్థాలే. కాబట్టి అన్నం తిన్నాక వేసుకున్నా, పైపూత ఉన్న బిళ్ల వేసుకున్నా మంట తగ్గవచ్చు గాని, పుండుపడి రక్తం కారే ప్రమాదం పూర్తిగా పోదు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కూడా ఈ కుటుంబంలోనివే.

మా వార్డుకు ఒక తల్లి కళ్లు తిరుగుతున్నాయని వచ్చింది. గుండె కోసం రోజూ 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వాడుతోంది. మోకాళ్లకని రెండు వారాలుగా షాపులో కొన్న డైక్లోఫెనాక్ కూడా వేసుకుంటోంది. నాలుగు రోజులుగా విరేచనం తారులా నల్లగా, జిగటగా అవుతోందట. "ముందే చెప్పలేదేమమ్మా?" అంటే, "ఆ సంగతి కోడలితో ఎలా చెప్పేది, సిగ్గు కాదా" అంది. రెండు బాటిళ్ల రక్తం ఎక్కించవలసి వచ్చింది. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. మేము రోజూ ఇవే అడుగుతాం. ఐరన్ బిళ్లలు వాడినా మలం నల్లబడుతుంది, అయినా అదేదో మమ్మల్నే తేల్చనివ్వండి.

ఇది చదివి గుండెకు ఇచ్చిన ఆస్పిరిన్‌ను మీ అంతట మీరు మానేయకండి. అది మరింత ప్రమాదం. ఉబ్బసం, పాత అల్సర్ ఉన్నవారు, గర్భిణులు, రక్తం పలచబరిచే మందు వాడేవారు ఏ నొప్పి బిళ్లయినా డాక్టరుగారిని అడిగే వేసుకోవాలి. రోజూ బామ్ రుద్దుకొనేవారు అదీ చెప్పాలి. చాలా బామ్‌లలో ఉండే మిథైల్ సాలిసిలేట్ ఆస్పిరిన్‌కు చుట్టమే. పిల్లల జ్వరానికి ఆస్పిరిన్ వద్దు. డెంగీ అనుమానం ఉంటే పెద్దలకు కూడా వద్దు.

ఓ.పి.కి వచ్చేటప్పుడు ఇంట్లో వాడే బిళ్లల అట్టలన్నీ, షాపులో విడిగా కొన్నవి కూడా, ఒక కవరులో వేసి తీసుకురండి. మలం నల్లబడితే మాత్రం ఓ.పి. రోజు కోసం ఆగకండి, రాత్రయినా సరే క్యాజువాలిటీకి వచ్చేయండి.